స్వరం కింద గీత చెరిగిపోయింది

సంపాదకులకు నమస్కారం.

చెన్నై పశ్చిమ మాంబళంలో 22 ఏళ్లుగా పిల్లలకూ పెద్దలకూ కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. పాఠాల కోసం ఫోనులోనూ ట్యాబ్‌లోనూ రాసుకున్న నోట్సును ఒక యాప్ నుంచి మరొక యాప్‌కు మార్చుకోబోయి కిందటి ఏడాది నాలుగు నెలలు అవస్థ పడ్డాను. ఆ అవస్థ నా ఒక్కదానిదే అయితే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. మీ సాంకేతిక పేజీని నేను వదలకుండా చదువుతాను. కొత్త యాప్ వచ్చినప్పుడల్లా అందులో ఏమేమి సదుపాయాలున్నాయో, ధర ఎంతో వివరంగా రాస్తారు కానీ, రేపు ఆ యాప్‌లోంచి బయటికి రావలసి వస్తే మనం రాసుకున్నది ఏ రూపంలో చేతికి వస్తుందో, వచ్చిన దానిలో మన తెలుగు తెలుగుగా మిగులుతుందో లేదో ఇంతవరకు ఎక్కడా చదివిన గుర్తు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా నా నోట్సు ఎలాంటివో చెప్పాలి. 2013 నుంచి రాసుకున్నవి 1,860. ఒక్కో నోటుకు శీర్షికగా కృతి పల్లవిలోని మొదటి పాదం, తర్వాత రాగం, తాళం, చివర పాఠం చెప్పిన తేదీ ఉంటాయి. దాని కింద తెలుగులో సాహిత్యం, స్వరం, మాటలకు అర్థం ఉంటాయి. నా దగ్గర నేర్చుకునేవారిలో సగానికి పైగా తమిళ పిల్లలు. పాడేది తెలుగు కాబట్టి వారి కోసం సాహిత్యాన్ని తమిళ లిపిలో కూడా రాస్తాను. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కనుక, ఏది ఏదో తెలియడానికి అక్షరం పక్కన పైకి చిన్నగా 2, 3, 4 అంకెలు వేయడం ఇక్కడి సంగీత పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నేనూ అలాగే వేసుకున్నాను. కొన్ని నోట్సులో మా గురువుగారి చేతిరాత కాగితాల ఫొటోలు, ఆవిడ పాడి వినిపించిన రికార్డింగులు కూడా ఉన్నాయి.

స్వరాలు రాయడానికి కొన్ని గుర్తులున్నాయి. పై స్థాయి అయిన తారస్థాయి స్వరం మీద చుక్క పెడతాం, కింది స్థాయి అయిన మంద్రస్థాయి స్వరం కింద చుక్క పెడతాం. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, పాడవలసిన స్వరాలకు అచ్చు పుస్తకాల్లో పైన గీత గీస్తారు. యాప్‌లో అక్షరం పైన గీత గీసే వీలు లేదు కాబట్టి నేను కింద గీత వాడాను. చూడటానికి చిన్న గీతే అయినా, అది ఉంటే ఆ స్వరానికి సగం కాలమే. ఒక్కో ఆవర్తనాన్ని, అంటే తాళం ఒక పూర్తి చుట్టును, ఒక్కో వరుసలో రాయడం మరో అలవాటు. పిల్లలు తాళం వేస్తూ వరుస చివరికి వచ్చేసరికి ఆవర్తనం పూర్తవుతుంది.

కిందటి ఏడాది నేను వాడుతున్న యాప్ చందా ఒక్కసారిగా పెరిగింది. చందా కట్టనివారు ఒకే పరికరంలో వాడుకోవాలన్నారు. ఆ కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీతో తగవు కాదు. వ్యాపారం అన్నాక ధర పెంచుతారు, చేతులు మారతాయి, నియమాలు మారతాయి. అందరికీ తెలిసిన ఎవర్‌నోట్‌నే చూడండి. 2008లో వచ్చి, నోట్సు యాప్ అంటే అదే అన్నంతగా పేరు తెచ్చుకుంది. 2023 జనవరిలో బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ సంస్థ చేతికి వెళ్లింది. అదే ఏడాది డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకు 50 నోట్సు, ఒక్క నోట్‌బుక్కు అనే హద్దు వచ్చింది. అప్పటికే ఎక్కువ ఉన్నవారి పాత నోట్సును తీసేయలేదు, బయటికి తీసుకుపోయే దారీ మూయలేదు. అది మెచ్చుకోవలసిన విషయమే. కానీ వేలకొద్దీ నోట్సు పోగేసుకున్నవారు ఆ ఏడాది చివర్లో ఎంత హడావుడి పడి ఉంటారో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

నేను మొదట చేసిన పని అందరూ చేసేదే. ఒక్కో నోటును పీడీఎఫ్‌గా దాచుకున్నాను. తెర మీద ముత్యాల్లా కనిపించాయి. తీరా కొత్త యాప్‌లో పెట్టుకోవడానికి అందులోంచి సాహిత్యాన్ని కాపీ చేస్తే గుడులూ కొమ్ములూ తమ అక్షరాలను వదిలి పక్కకు వచ్చాయి, ఒత్తులు మాయమయ్యాయి, మాట మధ్యలో ఖాళీలు పడ్డాయి. తెలుగు పీడీఎఫ్‌లలో ఇది కొత్త సంగతి కాదని తర్వాత తెలిసింది. మన లిపిలో ఒక అక్షరం అనేక గుర్తుల కలయిక. పీడీఎఫ్ ఆ కలిసిన బొమ్మను పదిలంగా దాస్తుంది కానీ, దాని వెనక ఉన్న అక్షరాల వరుసను చాలాసార్లు సరిగా దాచదు. కాబట్టి పీడీఎఫ్ చదువుకోవడానికీ అచ్చు వేసుకోవడానికీ పనికొస్తుంది తప్ప, మళ్లీ దిద్దుకోవడానికీ వెతుక్కోవడానికీ కాదు. ఇంగ్లీషు నోట్సు ఉన్నవారికి ఈ సంగతి తట్టకపోవచ్చు. మనం మాత్రం మొదటే తెలుసుకోవాలి.

ఆ తర్వాత మా శిష్యురాలి తమ్ముడు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రవాడు, సాయానికి వచ్చాడు. నోట్సు ఏ యాప్‌లోనైనా తెరుచుకోవాలంటే మార్క్‌డౌన్ అనే పద్ధతి మేలని చెప్పాడు. అది 2004లో వచ్చింది. మామూలు అక్షరాల ఫైలులోనే శీర్షికకు ఒక గుర్తు, బొద్దు అక్షరాలకు ఒక గుర్తు పెట్టే పద్ధతి. యాప్ ఉన్నా పోయినా ఫైలు చదువుకోవచ్చు. ఆబ్సిడియన్ వంటి యాప్‌లు నోట్సును మొదటి నుంచీ మన కంప్యూటర్‌లో ఈ రూపంలోనే ఉంచుతాయి, నోషన్ ఈ రూపంలో బయటికి ఇస్తుంది. ఇవన్నీ విని ధైర్యం వచ్చి, మొత్తం 1,860 నోట్సునూ మార్క్‌డౌన్‌లోకి మార్చి కొత్త యాప్‌లో పెట్టాం. నాలుగైదు తెరిచి చూశాను. అక్షరాలన్నీ ఉన్నాయి, రాగాల పేర్లున్నాయి, అర్థాలున్నాయి. పని అయిపోయిందనుకున్నాను.

ఆ వారంలోనే ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి కొత్త నోటు చూస్తూ ఒక వర్ణంలోని చిట్టస్వరం, అంటే మాటలు లేని స్వరాల భాగం, పాడుతోంది. నేను వంటింట్లోంచి వింటున్నాను. ఆది తాళంలో చేత్తో వేసే ఎనిమిది క్రియలూ అయిపోయాయి, అమ్మాయి ఇంకా పాడుతూనే ఉంది. కాసేపటికి ఆగిపోయి, “టీచర్, తాళం అయిపోయింది, స్వరాలు మిగిలిపోయాయి,” అంది. వచ్చి చూస్తే స్వరాలన్నీ ఉన్నాయి, వాటి కింద ఉండవలసిన గీతలు మాత్రం లేవు. రెండో కాలం స్వరాలన్నీ ఒకటో కాలంలో కూర్చున్నాయి. పైగా నాలుగు ఆవర్తనాలు నాలుగు వరుసలుగా ఉండవలసినవి కలిసిపోయి ఒకే పేరాగా మారాయి. తమిళ సాహిత్యంలో పైకి ఉండవలసిన చిన్న అంకెలు కిందికి దిగి మామూలు అంకెలై, మాటల మధ్య లెక్కల పుస్తకంలా నిలబడ్డాయి.

కారణం అడిగితే ఆ కుర్రవాడు ఓపికగా వివరించాడు. మార్క్‌డౌన్‌లో బొద్దు అక్షరాలకూ వాలు అక్షరాలకూ గుర్తులున్నాయి కానీ కింద గీతకు గుర్తే లేదట. పైకి రాసే అంకెకూ లేదు. వరుస చివర ఒక్కసారి ఎంటర్ నొక్కితే, అసలు మార్క్‌డౌన్ పద్ధతిలో అది కొత్త వరుసగా లెక్కకు రాదు, ముందు వరుసతో కలిసిపోతుంది. మార్చిన పరికరం తనకు చోటు లేనివాటిని వదిలేసింది. వదిలేసినట్టు ఒక్క మాటైనా చెప్పలేదు. నా బాధంతా అక్కడే ఉంది. ఒక సంచి మోయలేకపోతే కూలీ అయినా ఇది నా వల్ల కాదమ్మా అని చెబుతాడు. ఇక్కడ 1,860 నోట్సు విజయవంతంగా వచ్చాయని పచ్చ గుర్తు వేసి చూపించారు.

చుక్కల కథ వేరు. తారస్థాయి స్వరాల మీద చుక్కలు కొత్త యాప్‌లో అక్షరం మీద కాకుండా పక్కన, చుక్కలతో గీసిన ఒక సున్నా మీద కనిపించాయి. అవీ పోయాయని కంగారు పడ్డాను. పోలేదు. ఫైలులో చుక్క భద్రంగా ఉంది. కొత్త యాప్ వాడే ఫాంటుకు తెలుగు అక్షరం మీద ఆ చుక్కను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు, అంతే. ఫాంటు మార్చగానే చుక్క తన చోటికి వచ్చింది. పోవడానికీ కనిపించకపోవడానికీ ఉన్న ఈ తేడా నాకు చాలా విలువైన పాఠం. కనిపించని దాని గురించి బెంగ పడనక్కరలేదు. పోయిన దానికి మాత్రం పాత యాప్‌లోని అసలు ప్రతే దిక్కు.

ఇంకో నష్టం లెక్క చూసుకుంటే గాని బయటపడలేదు. రెండోసారి మార్చినప్పుడు 1,860కి బదులు 1,791 ఫైళ్లే వచ్చాయి. మిగతా 69 ఏమయ్యాయని వెతకగా, తప్పు శీర్షికల్లో తేలింది. ఆ కుర్రవాడి కంప్యూటర్ విండోస్ లాంటిదే అయిన లినక్స్‌తో నడుస్తుంది. అందులో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. బైటు అంటే కంప్యూటర్‌లో అక్షరాలు పట్టే చోటుకు కొలత. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకూ మూడు, దాని గుడికో కొమ్ముకో మరో మూడు, ఒత్తు ఉంటే పొల్లుకు మూడు, ఒత్తుగా వచ్చే హల్లుకు ఇంకో మూడు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి 18 బైట్లు పడతాయి. అంటే గుర్తులన్నీ విడివిడిగా లెక్కపెడితే శీర్షికలో 85 మాత్రమే పడతాయి. పల్లవి పాదం కాస్త పొడుగైతే దాంతోనే చోటు నిండిపోయి, రాగం, తాళం, తేదీ తెగిపోయాయి. ఒకే కృతిని నేను మూడు వేర్వేరు సంవత్సరాల్లో ముగ్గురికి చెప్పినప్పుడు రాసుకున్న మూడు నోట్సుకూ తేడా ఆ తేదీయే. తేదీ తెగిపోతే మూడింటికీ ఒకే పేరు వచ్చి, తర్వాతిది ముందుదాని మీద కూర్చుంది. తెలుగులో పెద్ద పేరు పెట్టుకోవడం నేరం కాదు కదా! ఆ పరికరం తయారుచేసినవారు ఒక్క భారతీయ భాషలోనైనా పరీక్షించి ఉంటే ఇది మొదటి రోజే కనబడేది.

రికార్డింగుల విషయానికి వస్తే చేయి వణుకుతుంది. మా గురువుగారు 2019లో పోయారు. చివరి రెండేళ్లలో ఆవిడ పడుకునే, మెల్లగా, కొన్ని సంగతులు, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా పాడే తీరులు, పాడి వినిపించారు. ఏ సంగతి ఏ రోజు చెప్పారో నోటు తేదీని బట్టే తెలుస్తుంది. నోట్సును కాపీ చేసి కొత్త యాప్‌లో అతికిస్తే ప్రతి నోటుకూ అతికించిన రోజు తేదీయే పడుతుంది, పదేళ్ల పాఠాలూ ఒకే ఆదివారం రాసినట్టు కనిపిస్తాయి. అందుకే అతికించే పని మానేసి, పాత యాప్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను, అంటే వెబ్ పేజీల రూపంలో ఉండేవాటిని, తీసుకున్నాం. వాటిలో రాసిన తేదీ ఉంది, కింద గీత ఉంది, చిన్న అంకెలున్నాయి, రికార్డింగులు పక్క ఫోల్డర్లో ఉన్నాయి. ఆ కుర్రవాడు చిన్న ప్రోగ్రాము రాసి, గీత ఉన్న స్వరాలన్నిటినీ కుండలీకరణాల్లో పెట్టించాడు. ఫైలు పేరులో తేదీని ముందుకు తెచ్చాడు. ఇప్పుడు రెండో కాలం స్వరాలు ఏ యాప్‌లో తెరిచినా రెండో కాలంగానే తెలుస్తాయి. గీత అనేది యాప్ ఇచ్చిన అలంకారం, కుండలీకరణం అక్షరాలతో పాటు నడిచే గుర్తు. అర్థం ఉన్న ఏ గుర్తునూ రంగుకో గీతకో అప్పగించకూడదని ముందే తెలిసి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి.

బాగా చేస్తున్నవారి గురించి కూడా చెప్పాలి. గూగుల్ కీప్‌లో రాసుకున్నవారు మన సమాచారాన్ని బయటికి ఇచ్చే గూగుల్ టేకౌట్ ద్వారా ప్రతి నోటునూ హెచ్‌టీఎంఎల్, జేసన్ అనే రెండు రూపాల్లో తీసుకోవచ్చు. మొదటిది మనం చదువుకోవడానికి, రెండోది యంత్రం చదువుకోవడానికి. ఎవర్‌నోట్ ఇచ్చే ఫైళ్లను జోప్లిన్ అనే ఉచిత యాప్ నేరుగా తీసుకుంటుంది. ఆపిల్ నోట్స్‌లో మార్క్‌డౌన్‌గా బయటికి తీసుకునే వీలు 2025లో వచ్చింది. ఎన్నో ఏళ్లు ఆలస్యమైనా సంతోషమే. అంటే చేయాలనుకుంటే చేయగలిగిన పనే ఇది.

చేయని వారి చేత చేయించడానికి మన చట్టం ఏమంటోందని తెలిసిన న్యాయవాదిని అడిగాను. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 20వ అధికరణం ప్రకారం, తాను ఒక సంస్థకు ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని క్రమబద్ధమైన, నలుగురూ వాడే, యంత్రం చదవగలిగే రూపంలో తిరిగి తీసుకుని మరో సంస్థకు ఇచ్చుకునే హక్కు మనిషికి ఉంది. మన దేశంలో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన డేటా పరిరక్షణ బిల్లు ముసాయిదాలో ఈ హక్కు ఉంది. 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లులోనూ ఉంది. 2023 ఆగస్టులో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మాత్రం లేదు. ఆ చట్టం ప్రకారం మన సమాచారం గురించిన సారాంశం అడగవచ్చు, తప్పులు దిద్దించవచ్చు, తొలగించమనవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. మనం పోయాక మన తరఫున ఈ హక్కులు వాడుకోవడానికి ఒకరిని నామినీగా కూడా పెట్టుకోవచ్చు. నామినీ అనే మాట వినగానే గురువుగారు గుర్తొచ్చారు. రేపు నా తర్వాత నా శిష్యురాలు నామినీగా వెళ్లి అడిగితే ఆ పిల్ల చేతికి వచ్చేది సారాంశమా? సారాంశంతో పాట పాడలేరు.

ఫోను నంబరు విషయంలో ఈ దేశం ఎంత చక్కగా చేసి చూపించిందో గుర్తుచేసుకోండి. 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా, ఉన్న నంబరుతోనే కంపెనీ మారే వీలు వచ్చింది. అంతకుముందు నంబరు మారుతుందన్న ఒక్క భయంతో నచ్చని సేవను ఏళ్ల తరబడి భరించినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. పది అంకెల మీద మనకు హక్కు ఉన్నప్పుడు, పన్నెండేళ్లు కూర్చుని మన చేత్తో రాసుకున్న అక్షరాల మీద ఎందుకు ఉండకూడదు?

ఈ ఊళ్లోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. తెలుగు తాళపత్రాలను వెతికించి, పండితుల చేత కాగితం మీదికి ఎత్తి రాయించిన బ్రౌన్ దొర సేకరణలో ఎంతో భాగం అక్కడే ఉంది. ఆకు మీది నుంచి కాగితం మీదికి మార్చడం కూడా ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మార్చడం వంటి పనే. కాకపోతే అలా ఎత్తి రాసే లేఖకులు ఆకు చిరిగి అక్షరం చదవరాని చోట ఖాళీ విడిచి, ఇక్కడ పోయిందని కనబడేలా చేసేవారు. మా కుర్రవాడితో ఆ సంగతి చెబితే, తన ప్రోగ్రాములో కూడా అలాంటి ఏర్పాటు చేశాడు. మార్చలేని గుర్తు ఎదురైన ప్రతి చోటా ఒక నక్షత్రం పడుతుంది, చివర ఒక జాబితా వస్తుంది. పెద్ద కంపెనీల పరికరాలు చేయని పనిని ఒక విద్యార్థి రెండు సాయంత్రాల్లో చేశాడు.

కాబట్టి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. యాప్‌ల గురించి రాసే మీ విలేఖరులు, ఇకపై ప్రతి నోట్సు యాప్‌లోనూ ఒక తెలుగు నోటు రాసి, ఒత్తులు, కింద గీత, ఒక ఫొటో, ఒక రికార్డింగ్ పెట్టి, దాన్ని బయటికి తీసి, మరో యాప్‌లో తెరిచి, ఏది మిగిలిందో ఏది పోయిందో పాఠకులకు చెప్పండి. దీనికి గంట పట్టదు. పాఠకులు కూడా కొత్త యాప్‌లో నూరు నోట్సు చేరకముందే ఒకసారి అలా చూసుకోవాలి. బయటికి తీసేటప్పుడు మొత్తం ఎన్నో ముందు రాసిపెట్టుకోవాలి, బయటికి వచ్చాక మళ్లీ లెక్కపెట్టాలి, అన్నీ సరిచూసేవరకు పాత ఖాతా మూయకూడదు. పార్లమెంటులో మన తెలుగు రాష్ట్రాల సభ్యులూ, ఇక్కడి తమిళ సభ్యులూ 2019 బిల్లులో ఉండి 2023 చట్టంలో లేకుండా పోయిన ఆ హక్కు గురించి అడగాలి. ఇది ఇంగ్లీషు కంటే మన భాషల వారికే ఎక్కువ అవసరం, ఎందుకంటే దారిలో రాలిపోయేవి మన ఒత్తులూ మన గుర్తులే.

నేటికి 1,860 నోట్సులో 1,742 సరిచూశాను. ప్రతిదాన్నీ తాళం వేసి పాడి చూడవలసిందే, కంటితో చూస్తే చాలదు. మిగిలిన 118లో గురువుగారి రికార్డింగులున్నవి ఎక్కువ. వాటిని హడావుడిగా వినలేకపోతున్నాను. అవి పూర్తయ్యేవరకు కొత్త యాప్‌తో పాటు పాత యాప్ చందా కూడా కడుతున్నాను.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయిని,
పశ్చిమ మాంబళం, చెన్నై